పండగ కాగితపు బొమ్మల కిట్‌పై ఫిర్యాదు: తినేవాటి కవర్లో మెరుపు పొడి ఎందుకు పెట్టారు?

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

విషయం: పండగకి ఇంట్లో చేసుకునే కాగితపు అలంకరణలు, తీపి పదార్థాల కిట్‌లో లోపాలు.

నమస్కారం.

పండగ సెలవుల్లో పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని చేసుకోవచ్చని మీ కిట్ కొన్నాను. అందులో ఉన్న లోపాల గురించి మీ కస్టమర్ కేర్‌కి ఫోన్‌లో చెప్పాను, మెయిల్ కూడా పెట్టాను. వచ్చిన జవాబు తృప్తిగా లేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే పెద్ద విషయం ముందు చెబుతాను. ఇది డబ్బుకి సంబంధించింది కాదు. తినేవాటి కోసం పెట్టిన లోపలి కవర్లో ఐసింగ్ షుగర్, రంగురంగుల చక్కెర గుళికల పక్కనే బంగారు రంగు మెరుపు పొడి (గ్లిటర్) సీసా ఉంది. గుళికల సీసాకీ దీనికీ మూత ఒకటే, లేబుల్ రంగు ఒకటే. మెరుపు పొడి మీద మాత్రం సన్నటి అక్షరాల్లో ‘విషరహితం’ అని ఉంది. మా పాప దాన్ని ఐసింగ్ పూసిన బిస్కెట్ మీద చల్లబోతుంటే మా అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపారు. చక్కెర గుళికని వేళ్ళ మధ్య గట్టిగా నలిపితే పొడి అవుతుంది, ఇది ఎంత నలిపినా వేళ్ళకి అంటుకుని మెరుస్తోంది తప్ప నలగలేదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని సీసా అంతా తిప్పి చూశారు. ఏ పదార్థాలతో చేశారో ఎక్కడా లేదు.

‘విషరహితం’ అంటే పొరపాటున కొంచెం నోట్లోకి పోయినా విషం కాదని మాత్రమే. తినమని కాదు. నిజంగా తినడానికి చేసిన మెరుపు పొడిలో చక్కెర, తుమ్మ జిగురు, మొక్కజొన్న పిండి, తినదగిన రంగులు లాంటివి ఉంటాయి, వాటి జాబితా లేబుల్ మీద ఉంటుంది. అలంకరణ కోసం అమ్మే మామూలు మెరుపు పొడి ఎక్కువగా ప్లాస్టిక్ ముక్కలే. తినదగినదని స్పష్టంగా రాయకుండా ‘విషరహితం’ అని మాత్రమే ఉన్న పొడులని ఆహారం మీద వాడొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. ఈ తేడా మా అత్తగారి వేళ్ళకి తెలిసింది. తినేవాటిని ప్యాక్ చేసి అమ్మే మీకు తెలియలేదంటే నమ్మలేకపోతున్నాను.

మీ కస్టమర్ కేర్ ఇచ్చిన జవాబు, ‘పెద్దల పర్యవేక్షణలో వాడాలని పెట్టె మీద రాశాం’ అని. పెద్దవాళ్ళు పక్కన ఉన్నారు కాబట్టే అది పిల్లల కడుపులోకి పోలేదు. కానీ లేబుల్ మీద లేని సంగతిని ఎంత పెద్దవాళ్ళయినా ఎలా చదువుతారు? బిస్కెట్ పిండి పొట్లం సంగతీ అంతే. మా ఆడపడుచు కొడుక్కి వేరుశనగ పడదు. పొట్లం మీద వేరుశనగ గురించి గానీ, పాలు, గుడ్ల గురించి గానీ ఒక్క ముక్క లేదు. వాడికి వేరే చేసి పెట్టాల్సి వచ్చింది. అందరూ కలిసి తినాల్సిన చోట ఒక పిల్లాడికి విడిగా పళ్ళెం పెట్టడం ఎంత కష్టంగా ఉంటుందో పిల్లలున్న ఎవరికైనా తెలుస్తుంది.

ఇక కాగితాల సంగతి. రంగులు బాగున్నాయి, ఆ మాట దాచను. కానీ పెట్టె మీద ‘5 మీటర్ల కాగితపు గొలుసు’ అని అచ్చువేశారు. లోపల ఉన్నవి 40 పట్టీలు, ఒక్కోటి 20 సెంటీమీటర్లు. అంటించడానికి ఒక సెంటీమీటరు పోతే రింగు చుట్టుకొలత 19, అంటే అడ్డంగా 6 సెంటీమీటర్లు. నలభై రింగులూ కలిపితే రెండున్నర మీటర్లు కూడా రావు. రింగులని చదునుగా అయిపోయేంత లాగినా నాలుగు మీటర్లు దాటవు. గుండ్రంగా నిలిచే రింగులతో 5 మీటర్లు రావాలంటే 80కి పైగా పట్టీలు కావాలి. ఇది చిన్న గుణకారం. కిట్ అమ్మే ముందు మీ ఆఫీసులో ఎవరైనా ఒక్కసారి గొలుసు చేసి గోడకి కట్టి చూసి ఉంటే తెలిసిపోయేది. మా పిల్లలు గోడకి ఆ చివర మేకు దగ్గర నిలబడి, గొలుసు సగంలోనే ఆగిపోతే మా వైపు చూశారు. చివరికి పాత కేలండర్ పేజీలు కత్తిరించి పూర్తిచేశాం.

నక్షత్రం విషయంలో ఇంకా అన్యాయం. బొమ్మలో ఆరు కొనల నక్షత్రం ఉంది. సూచనల్లో చదరపు కాగితాన్ని సగానికి, మళ్ళీ సగానికి, ఆ తర్వాత మూలగా మడిచి కత్తిరించమన్నారు. అలా మడిస్తే ఎనిమిది పొరలు పడతాయి, ఏటవాలుగా ఒక్కసారి కత్తిరించి విప్పితే నాలుగు కొనలే వస్తాయి, ఆరు రావు. ఆరు కొనలు కావాలంటే ముందు కాగితాన్ని ఒకసారి సగానికి మడిచి, దాన్ని మధ్య బిందువు నుంచి మూడు సమాన భాగాలుగా, ఒక్కోటి 60 డిగ్రీలు వచ్చేలా మడిచి, మళ్ళీ సగానికి మడిచి ఏటవాలుగా కత్తిరించాలి. పైగా మీరిచ్చింది ఏ4 కాగితం, 210 గుణకారం 297 మిల్లీమీటర్లు. అది చదరం కాదు, ముందు అదనపు పట్టీ కత్తిరించి తీసేయాలని ఎక్కడా చెప్పలేదు. కాగితం కూడా మందం, 120 జీఎస్‌ఎం (ఒక చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో). అన్ని మడతలు పడ్డాక పిల్లల మొండి కత్తెర దానిలోకి దిగనే దిగదు. ఈ పనికి మామూలు 70, 80 జీఎస్‌ఎం కాగితం చాలు.

గ్రీటింగ్ కార్డుల అట్టది ఇంకో సమస్య. 300 జీఎస్‌ఎం అట్టని వట్టి చేత్తో మడవమన్నారు. మడత దగ్గర రంగు పగిలి లోపలి తెలుపు బయటపడింది. కాగితంలో పీచు ఎక్కువగా ఒకే దిశలో ఉంటుంది, దానికి అడ్డంగా మడిస్తే ఇలాగే పగులుతుంది. ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో స్కేలు పెట్టి ముందు ఒక గీత నొక్కి, ఆ గీత వెంట మడిస్తే చాలా నయం. మిగిలిన కార్డులు నేను అలాగే చేశాను. ఆ ఒక్క వాక్యం మీ సూచనల్లో ఉండాల్సింది.

చాక్లెట్ గురించి కూడా రాయక తప్పదు. కరిగించిన తెల్ల చాక్లెట్‌లో కిట్‌లోని ఎర్ర రంగు చుక్కలు వేయమన్నారు. ఆ రంగు నీళ్ళతో చేసింది. కరిగిన చాక్లెట్‌లో కొంచెం తడి తగిలినా అందులోని చక్కెర తడిసి ఒకదానికొకటి అతుక్కుని మొత్తం ముద్దకట్టేస్తుంది. మాకూ అదే జరిగింది, గిన్నెడు చాక్లెట్ గరిటెకి అంటుకుని ఊడి రాలేదు. చాక్లెట్‌కి నూనెతో చేసిన రంగో, పొడి రంగో ఇవ్వాలి. బిస్కెట్ పలకలని ఐసింగ్‌తో అతికించి కట్టే చిన్న ఇల్లు కూడా నిలబడలేదు. గోడలు బాగా ఆరకుండా కప్పు పెట్టొద్దని సూచనల్లో లేకపోవడమే కారణం. బిస్కెట్లు పెట్టి ఇవ్వడానికి ఇచ్చిన కాగితపు పొట్లాలకి లోపల ఏ పూతా లేదు. వెన్న పీల్చుకుని, పైన అచ్చువేసిన రంగు వేళ్ళకి అంటింది. బటర్ పేపర్ పరిచి సర్దుకున్నాం, కానీ తినేది నేరుగా అచ్చు రంగున్న కాగితాన్ని తాకేలా ఇవ్వడం మీరు చేయాల్సిన పని కాదు.

నేను అడిగేవి ఇవి. తినేవాటి కవర్లోంచి మెరుపు పొడిని తక్షణం తీసేయండి, ఇప్పటికే కొన్నవాళ్ళందరికీ దాన్ని తినేవాటి మీద చల్లొద్దని మెసేజ్ పంపండి. ఇది వెంటనే జరగాలి, మిగతావి తర్వాత. పొట్లాలన్నిటి మీదా పదార్థాలూ, పడనివాళ్ళకి హెచ్చరికలూ పెద్ద అక్షరాల్లో వేయండి. గొలుసు పొడవు, నక్షత్రం మడతలు, చాక్లెట్ రంగు సరిచేసి కొత్త సూచనల కాగితం పంపండి. నా డబ్బు పూర్తిగా వెనక్కి ఇవ్వండి. మీరు ఇస్తానన్న కూపన్ నాకు అక్కర్లేదు.

సీసా, పెట్టె, సూచనల కాగితం నా దగ్గరే ఉన్నాయి, ఫోటోలు జతచేశాను. కావాలంటే సీసాని పరీక్షకి పంపిస్తాను, మీ మనిషి వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్ళాలి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. మెరుపు పొడి గురించి హెచ్చరిక పంపలేదని తెలిస్తే, ఈ లేఖనే ఫోటోలతో సహా వినియోగదారుల ఫిర్యాదుల విభాగానికి ఇస్తాను.

ఇట్లు,
మీ కిట్ కొన్న కస్టమర్

జతపరిచినవి: బిల్లు, సీసా లేబుల్ ఫోటోలు, సూచనల కాగితం కాపీ, కస్టమర్ కేర్ మెయిల్.