అమెరికా సుంకం, మన అరువు ఖాతా

భీమవరం,
అక్టోబరు 2025.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. రొయ్యలు శుద్ధిచేసి ఎగుమతి చేసే ప్లాంటువాళ్లు నీ పెట్టెల ఆర్డర్లు సగానికి కోసేశారనీ, పాత బిల్లులకు కూడా పైకం ఇవ్వడం లేదనీ రాశావు. అమెరికావాడు రొయ్య మీద సుంకం వేస్తే విజయవాడలో అట్టపెట్టెలు చేసుకునేవాడికి దెబ్బ ఎందుకు తగలాలని అడిగావు. రొయ్యల మేత అమ్ముకునే నాకు తగిలిన దారినే నీకూ తగిలింది. ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద ఆ దేశపు అదనపు సుంకం 50 శాతానికి చేరడంతో ఎగుమతిదారులు కొనుగోలు ధర తగ్గించారు. ధర పడేసరికి మా వైపు రైతుల్లో కొందరు రొయ్య ఎదగకముందే వల వేసి పట్టుబడి చేసేశారు, మరికొందరు చెరువు ఎండగట్టి కొత్త పిల్ల వేయడం మానుకున్నారు. పిల్ల వేయకపోతే నా మేత బస్తా కదలదు, రొయ్య రాకపోతే నీ పెట్టె కదలదు.

అయితే మనలాంటి చిన్నవాళ్లను ముంచేది అమ్మకం తగ్గడం కన్నా అరువు ఇరుక్కుపోవడమే అని నా గట్టి నమ్మకం. వనామీ రకం రొయ్య పంటకు మూడు, నాలుగు నెలలు పడుతుంది, పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతుంది, ఆ మేతను దుకాణదారు అరువిచ్చి పట్టుబడినాడు వసూలు చేసుకోవడం ఇక్కడి ఆనవాయితీ. చెరువు రైతుదే అయినా నీళ్లలో తిరిగేది మా డబ్బు. రొయ్యకు తెల్లమచ్చ తెగులు వచ్చినా, ధర పడినా ముందు మునిగేది అదే. అందుకని ఇప్పుడు మొదటి నెల మేత నగదుకే ఇస్తున్నాను. ఆ తరువాత మా కుర్రవాడు గట్టు మీదికి వెళ్లి, మేత తింటున్నాయో లేదో చూడటానికి నీళ్లలో వేలాడదీసే చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా కనిపిస్తోందా చూసి వచ్చాకే అరువు రాస్తున్నాను. ఈ పద్ధతి నచ్చక కొందరు పక్క కొట్టుకు వెళ్లిపోయారు, వెళ్లనీ.

రెండో పని, చేపల రైతులను ఖాతాదారులుగా చేర్చుకోవడం. కైకలూరు, ఆకివీడు చెరువుల శీలావతి, బొచ్చె చేపలు ఐసు వేసుకుని లారీల్లో బెంగాలుకూ, అస్సాముకూ పోతాయి కనుక వాటికి అమెరికా సుంకంతో పనిలేదు. తూట్లు పొడిచిన సంచుల్లో మేతగా తవుడూ నూనెచెక్కా నింపి చెరువులో పాతిన గెడలకు కట్టే ఆ వ్యవహారంలో మిగిలేది తక్కువే గానీ, ఈ రెండు నెలలూ కొట్టు అద్దె, కుర్రవాళ్ల జీతాలు దాని మీదే వెళ్లాయి. నువ్వు కూడా నీ పెట్టెలు ఇంకెవరికి కావాలో చూడు. పచ్చళ్లవాళ్లు, మిఠాయి దుకాణాలవాళ్లు, వేసవిలో నూజివీడు మామిడి వ్యాపారులు ఉన్నారు. ఒక్కొక్కరిదీ చిన్న ఆర్డరే అయినా, అందరూ ఒకేసారి చేతులెత్తేయరు.

ఇక నీకు రావలసిన పాత బాకీ సంగతి. దాని వసూలుకు ఒక చట్టం ఉంది. నేను వర్తకుణ్ని కాబట్టి ఈ చట్టం నాకు అక్కరకు రాదు, తయారీదారువి కాబట్టి నీకు వస్తుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. దానికితోడు 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్నులో ఇంకో మెలిక వచ్చింది. గడువు దాటిన బాకీ మార్చి 31 నాటికి తీర్చకపోతే ఆ కొనుగోలును వాళ్లు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు. కోర్టులూ, ఫిర్యాదులూ అంటే పాత పరిచయం చెడుతుందని నీ భయం నాకు తెలుసు, అందుకే ముందు అంతదాకా వెళ్లవద్దు. చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర పేరు రాయించుకునే ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఆ నంబరును ప్రతి బిల్లు మీదా అచ్చు వేయించు. మిగతా మాట వాళ్ల ఆడిటరే వాళ్లకు చెబుతాడు.

జీతాల కోసం రోజువారీ ఫైనాన్సువాళ్ల దగ్గరికి మాత్రం పోవద్దు. ఖాతా ఇంకా సక్రమంగా ఉన్నప్పుడే బ్యాంకుకు వెళ్లి ఓడీ పరిమితి, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకోనిచ్చే మొత్తం, పెంచమని అడుగు. చెక్కు తిరిగివచ్చాక అడిగితే మేనేజరు కుర్చీ కూడా చూపించడు.

పెండింగు బిల్లుల నకళ్లు, సరుకు అందినట్లు వాళ్లు సంతకం చేసిన చలానాలతో సహా నాకు పంపు. మా ఆడిటరుగారు వచ్చే వారం వస్తారు, చూపించి ఏమన్నారో రాస్తాను. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు