పార్క్‌లేన్ అన్నకు దండాలు

ఫైళ్లు పదే పదే పాడై మొండికేసిన నా కంప్యూటర్ ఆట చివరికి తెరుచుకుంది. ఆటలు దించుకునే స్టీమ్ యాప్‌లో వెరిఫై చేస్తే, అంటే ఫైళ్లు సరిచూస్తే, అన్ని ఫైళ్లూ సరిగ్గా ఉన్నాయని చూపించింది. కళ్లు మండిపోతున్నాయి, అయినా ఇది రాయనిదే పడుకోబుద్ధి కావట్లేదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్, సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్‌లో చిన్న రిపేరు కొట్టు దీన్ని బాగుచేసిన అన్నది. పేరు రాయొద్దన్నాడు. సీపీయూ బల్ల మీద పెట్టగానే అడిగింది ఒక్కటే: "వెరిఫై కొట్టినప్పుడల్లా అవే ఫైళ్లు పోతున్నయా, వేరేవా?"

రోగమంతా అక్కడే తేలుతుంది. అవే ఫైళ్లయితే డిస్క్‌ మీద అనుమానం. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో యాప్‌లో హార్డ్ డిస్క్ 05, సీ5 వరుసల్లో (చెడిన, చెడినట్టు అనుమానమున్న చోట్ల లెక్క) అంకెలు సున్నా దాటాయేమో చూడాలి. సీ7 (డేటా చేరేటప్పుడు వచ్చే తప్పుల లెక్క) మాత్రమే పెరుగుతుంటే ముందు డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చాలి. ఆటను నడిపే ఈఎక్స్‌ఈ, డీఎల్‌ఎల్ ఫైళ్లే మాయమవుతుంటే చాలాసార్లు యాంటీవైరస్ పనే. అది ఫైళ్లను పక్కన బంధించే క్వారంటైన్ చూసి, అది అసలు ఫైలేనని తేలితే రిస్టోర్ చేసుకోవాలి. ప్రతిసారీ వేరేవి పోతుంటే ముందు చూడాల్సింది ర్యామ్. ఆట డేటా నెట్ నుంచి కుదించి వస్తుంది, దాన్ని విప్పేది ర్యామ్‌లోనే. అక్కడ ఒక్క బిట్ తిరగబడ్డా లెక్క కుదరదు. సరిచూసేటప్పుడూ ఫైలు ర్యామ్ గుండానే పోవాలి కాబట్టి బాగున్నది కూడా పాడైనట్టు కనిపిస్తుంది.

నావి వేరేవి పోతున్నాయి కాబట్టి రెండు ర్యామ్ స్టిక్కులూ తీసి, బంగారు రంగు పిన్నుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొట్టు ఊది, ఒక్కోదాన్నీ ఒకే స్లాట్‌లో పెట్టి పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపాడు. ఒకటి శుభ్రంగా దాటింది. రెండోదానికి ఎర్రగా ఎర్రర్లు. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆపి, స్లాట్ మార్చి చూసినా అంతే. సొరుగులోంచి పాత 8 జీబీ స్టిక్ తీసి బిగించాడు. డబ్బులిస్తే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. షట్టర్ సగం దించి, "మళ్ల గింత దూరం రాకు, ఈడనే చూసుకొని పో" అన్నాడు. ఆ మాటకి నాకు నోట మాట రాలేదు.

ర్యామ్ మార్చాక కూడా పని ఉంటుంది, అదీ ఆయనే చేయించాడు. స్టీమ్‌లో డౌన్‌లోడ్ క్యాష్ ఖాళీ చేసి మళ్లీ వెరిఫై. పాడు ర్యామ్‌తో విండోస్ ఫైళ్లు కూడా చెడి ఉండొచ్చు కాబట్టి వాటిని బాగుచేసే విండోస్ కమాండ్లు: డిజమ్ రిస్టోర్‌హెల్త్, ఆ తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ.

ఆట కంపెనీ సపోర్ట్ నుంచి మాత్రం ఎన్నిసార్లు రాసినా అదే అచ్చు జవాబు: తీసేసి మళ్లీ ఎక్కించండి. పాడు ర్యామ్‌తో ఎన్నిసార్లు ఎక్కించినా అంతే కదా! నెట్ డేటా తగలబడింది మాది. అన్న అడిగిన ఆ ఒక్క ప్రశ్న వాళ్ల ఫారంలో ఉంటే ఎంతమందికి ఈ తిప్పలు తప్పేవో.

అమ్మ, నాన్న, తమ్ముడు, మీకు వేరే చెప్పాలా.

అయ్యో, పెన్‌డ్రైవ్ ఇచ్చిన పక్క కొట్టు అబ్బాయిని మరిచాను, థాంక్స్ తమ్ముడూ. హాట్‌స్పాట్ ఇచ్చిన పక్కింటి ఆంటీకి కూడా. ఇంకా, వీసీరన్‌టైమ్140 డీఎల్‌ఎల్ లేదని వస్తే ఏవో సైట్ల నుంచి దించొద్దు, మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ ప్యాకేజీ ఎక్స్86, ఎక్స్64 రెండూ వెయ్యమని చెప్పిన మా టీమ్ అక్కకీ.