సాయంత్రం వేళ బిల్లింగ్ ఎందుకు ఆగింది, ఇప్పుడు ఏం మార్చాం

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న మెడికల్ షాపుల యజమానులకు నమస్కారం. ఈ మధ్య కొన్ని సాయంత్రాలు, క్లినిక్‌ల నుంచి చీటీలు పట్టుకుని జనం వచ్చే వేళకే, బిల్లు సేవ్ కాకుండా 'డేటాబేస్ కనెక్షన్ దొరకలేదు' అనే సందేశం వచ్చింది. మందుల కోసం మనుషులు కౌంటర్ ముందు నిలబడి ఉండగా మీరు పడిన ఇబ్బందికి మేము నిజంగా బాధపడుతున్నాం.

పగలంతా అదే పాస్‌వర్డ్‌తో, డేటాబేస్‌ను చేరే అదే 5432 పోర్టుతో పని సాగుతున్నది కాబట్టి లోపం వాటిలో లేదు. సర్వర్ లాగ్ (సర్వర్ తన పనిని రాసుకునే చిట్టా) చూస్తే, కనెక్షన్లు, అంటే మా అప్లికేషన్ డేటాబేస్‌తో మాట్లాడే దారులు, పరిమితి దాటినట్లు తేలింది. బిల్లులు దాచే మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో మనం మార్చకపోతే ఆ పరిమితి 100. అందులో 3 నిర్వాహకుల కోసం పక్కన ఉంటాయి కనుక మనకు మిగిలేవి 97. మా అప్లికేషన్ 8 ప్రాసెస్‌లుగా, అంటే ఒకేసారి విడివిడిగా పనిచేసే 8 ప్రతులుగా నడుస్తుంది. ఈ కనెక్షన్లను తెరిచే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ అనే సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్ అమరిక ప్రకారం ఒక్కో ప్రాసెస్ 5 కనెక్షన్లను సిద్ధంగా ఉంచుకుని, రద్దీ పెరిగితే మరో 10 తెరుస్తుంది. ఆ లెక్కన అన్నీ కలిసి 120 దాకా అడగగలవు.

పరిమితినే పెంచవచ్చు కదా అని మీలో కొందరు అడిగారు. పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ సర్వర్‌లో విడిగా ఒక ప్రాసెస్‌ను నడుపుతుంది, దానికి మెమరీ కావాలి. ఊరికే పెంచుకుంటూ పోతే కొన్ని బిల్లులు ఆగడానికి బదులు అందరి పనీ నెమ్మదిస్తుంది. అందుకే అదనపు 10ని 5కు తగ్గించాం. ఇప్పుడు గరిష్ఠంగా 80 కనెక్షన్లే తెరుచుకుంటాయి, మిగిలిన 17 బ్యాకప్ వంటి పనులకు ఉంటాయి. బాగా రద్దీగా ఉన్నప్పుడు బిల్లు కాసేపు ఆగి సేవ్ కావచ్చు. అసలు సేవ్ కాకపోవడం కన్నా ఇది మేలని మా అభిప్రాయం. కనెక్షన్‌ను ఎక్కువసేపు పట్టుకునే నెలవారీ స్టాక్ రిపోర్టులు ఇకపై రాత్రి 11 దాటాకే తయారవుతాయి.

బిల్లు, స్టాక్ తగ్గింపు రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే నమోదైతే రెండూ లేకపోతే ఏదీ కాకుండా, నమోదవుతాయి కాబట్టి, బిల్లు లేకుండా స్టాక్ మాత్రమే తగ్గే ప్రమాదం లేదు. అయితే ఆ సాయంత్రాలలో చేతితో రాసిచ్చిన బిల్లులను దయచేసి మళ్లీ ఎక్కించండి. షెడ్యూల్ హెచ్1 మందుల (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన ఒక జాబితాలోని మందుల) అమ్మకాలకు డాక్టరు, రోగి వివరాలతో రిజిస్టర్‌ను 3 ఏళ్లు ఉంచాలన్నది నిబంధన కనుక ముందు వాటినే చూసుకోండి. ఈ నెల చందా ఎవరి దగ్గరా తీసుకోము. ఇప్పటికే కట్టినవారికి వచ్చే నెలకు సర్దుబాటు చేస్తాం.