పదిహేను రోజుల మాత్రలు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

ఉద్దానం నుంచి ఒక జీడి కార్మికురాలు నమస్కరించి రాయునది. పేరు రాయనందుకు మన్నించాలి. నాకు హెచ్‌ఐవీ ఉంది. ఆ సంగతి నా అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది గానీ, ఆ చట్టం మా వీధి దాకా ఇంకా రాలేదు.

తొమ్మిదేళ్లుగా ఆ వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందు వాడుతున్నాను, ఒక్క రోజు తప్పలేదు. చికిత్స నిలకడగా సాగుతున్న నాబోటివారికి మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వవచ్చన్నది మీకు నేను చెప్పవలసిన సంగతి కాదు. అయినా గత వేసవి నుంచి నా పచ్చ పుస్తకంలో రాస్తున్నది పదిహేను రోజుల మందే, ఒక్కోసారి పది రోజులదే. మందిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో అడిగితే ‘స్టాకు రాలేదమ్మా, ఉన్నది అందరికీ సర్దాలి కదా’ అంటారు. వారిని తప్పుపట్టను, లేనిది వారు మాత్రం ఎక్కడి నుంచి తెస్తారు?

మందస మండలంలోని మా ఊరి నుంచి తెల్లవారకముందే ఆటోలో పలాస చేరి, అక్కడ బస్సెక్కి, కేంద్రంలో వరుసలో నిలబడి, మందు తీసుకుని ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు, సంతోషం. ఆటోవాడు ఆ జీవో చదవలేదు. మా జీడి పరిశ్రమ యజమాని అసలే చదవలేదు. పప్పు ఎన్ని కిలోలు ఒలిస్తే అంతే కూలి కనుక, పనికి వెళ్లని రోజు కూలి లేదు. పైగా నెలకు రెండు మూడుసార్లు సెలవెందుకో చెప్పాలి. మా అమ్మ పోయి నాలుగేళ్లయింది. యజమాని లెక్కలో ఆవిడ ఇంకా మంచంలోనే ఉంది.

ఇది ఉద్దానం, అయ్యా. ఇక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. నేను మింగే మాత్రలో టెనోఫోవిర్ ఉంది. కిడ్నీలు దెబ్బతిన్నవారికి దాని బదులు అబాకవిర్ ఇస్తారట. దెబ్బతిన్నాయో లేదో తెలియాలంటే క్రియాటినిన్ పరీక్ష చేయాలి. రసాయనం లేదని రెండుసార్లు తిప్పి పంపితే, అప్పు చేసి బయట ల్యాబులో చేయించుకున్నాను. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. నేను ఆ ఊరి మీదుగానే వెళ్తుంటాను. ఆ రక్తమేదో అక్కడే తీసి, ఫలితం నా పుస్తకంలో ఎక్కించే ఏర్పాటు మీకు పెద్ద పనా?

మూడు అర్జీలు పెట్టాను. మూడోదానికి ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. ఆ రోజు నా సీసాలో నాలుగు మాత్రలున్నాయి. మందు ఆపితే వైరస్ మొండికెత్తుతుందని, ఆపైన ఈ మందులు పనిచేయవని గోడల నిండా బొమ్మలు వేయించి మాకు చెబుతున్నారు. దయచేసి ఆ బొమ్మ ఒకటి, స్టాకు పంపే అధికారుల గదిలోనూ అంటించండి.

మూడు నెలల మందు ఇప్పించండి. కుదరకపోతే రెండు నెలలది, అదీ కాకపోతే నెల మందైనా తెగకుండా ఇప్పించండి. పింఛను 4,000 ఇస్తున్నారు, కాదనను, కానీ ముందు మాత్రలు కావాలి.

ఈ లేఖ రాసేనాటికి నా దగ్గర ఆరు మాత్రలున్నాయి. వచ్చే గురువారం మా అమ్మకు మళ్లీ జబ్బు చేయాలి.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా