కొత్త హాలు కట్టేముందు ఒక్కసారి మృదంగం వినండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా పట్టణంలో కొత్త కళాక్షేత్రం కట్టబోతున్నారని మీ జిల్లా పేజీలో చదివి సంతోషించాను. సెంట్రల్ ఏసీ, పుష్‌బ్యాక్ కుర్చీలు, పెద్ద ఎల్ఈడీ తెర, కార్లకు సెల్లారు, అన్నీ రాశారు. వేదిక మీద పాడే మనిషి గొంతు చివరి వరుస దాకా ఎలా వెళ్తుందన్న ఊసు మాత్రం ఎక్కడా లేదు. నేను నలభై ఏళ్లు మృదంగం వాయించినవాణ్ణి. వేళ్లు సహకరించక ఈమధ్య కచేరీలు తగ్గించాను గానీ చెవులు ఇంకా బాగానే ఉన్నాయి. వాటి తరఫున రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం, అప్పుడే కట్టిన ఒక హాల్లో గాత్ర కచేరీకి వాయించాను. ఏ ఊరో ఎందుకు లెండి. గ్రీన్‌రూములో తొప్పికి, అంటే మృదంగం ఎడమవైపు మూతకి, రవ్వ ముద్ద పెట్టి, కుడివైపు అంచు మీద రాయితో కొట్టి, శ్రుతి సరిచూసుకుని వేదికెక్కాను. కూర్చున్న చోట సరిగ్గా నెత్తిమీదే ఏసీ గాలి. మృదంగం మూత తోలు కదా, ఆరిపోయిందంటే బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. వర్ణం, రెండు కీర్తనలు అయ్యేసరికి పాడుతున్నావిడ షడ్జం, అంటే ఆధారమైన 'స', ఒకచోట, నా మృదంగం ఇంకోచోట. తొప్పి మీద రవ్వ ఎండి పెచ్చులు లేస్తోంది. గుమ్మని మోగాల్సిన ఎడమ చెయ్యి అట్టపెట్టె మీద కొట్టినట్టు పలుకుతోంది. పాట నడుస్తుండగానే రాయి తీసి అంచును కిందినుంచి తట్టాను. ఆ టకటక మైకులో పడి హాలంతా వినిపించింది. మైకు కుర్రాడు అదీ వాయింపే అనుకున్నాడో ఏమో, నా వాల్యూమ్ ఇంకాస్త పెంచాడు.

అది నవ్వుకుని మర్చిపోయాను. మర్చిపోలేనిది తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం. వెనక గోడ వేదికకు తొంభై అడుగుల దూరంలో ఉంది. నున్నటి రాతి పలకలు అతికించి అద్దంలా చేశారు. నేను కొట్టిన ప్రతి దెబ్బా అక్కడిదాకా వెళ్లి తిరిగొస్తోంది. ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన మా తోడల్లుడు ఆ తర్వాత కాగితం మీద లెక్కవేసి చూపించాడు. రానూపోనూ నూట ఎనభై అడుగులు, శబ్దానికి సెకనులో దాదాపు ఆరో వంతు పడుతుంది. ఆరో వంతంటే ఎంతలే అనిపిస్తుంది. వేగం అందుకున్నాక మా వేళ్లు సెకనుకు పది దెబ్బలు వేస్తాయి. అంటే ఎదురుగా ఇంకో మృదంగం కూర్చుని, ఒకటిన్నర దెబ్బ ఆలస్యంగా నన్ను వెక్కిరిస్తున్నట్టే. ముక్తాయింపు, అంటే ముగింపు దెబ్బల వరస, వేసి పాట ఎత్తుగడకు సరిగ్గా అందించానో లేదో ఆవిడ చేతి తాళం చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. అవీ రెండేసిసార్లు వినిపించాయి.

ఆ తోడల్లుడే నాకో సంగతి చెప్పాడు. 1895లో అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో కొత్తగా కట్టిన లెక్చర్ హాల్లో పాఠం చెబితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదట. మోత అయిదున్నర సెకన్లు అక్కడక్కడే తిరిగేదట. దీని సంగతి చూడమని వాలెస్ సబైన్ అనే కుర్ర ప్రొఫెసర్‌కు అప్పజెప్పారు. ఆయన రాత్రిళ్లు, చుట్టుపక్కల సద్దుమణిగాక, వేరే థియేటర్ నుంచి సీట్ల పరుపులు మోయించుకొచ్చేవాడు. కొన్ని పరవడం, ఆర్గన్ గొట్టం మోగించడం, మోత చచ్చేదాకా ఎంతసేపు పట్టిందో కొలవడం, మళ్లీ ఇంకొన్ని పరవడం. తెల్లారేలోగా పరుపులు వెనక్కి వెళ్లిపోవాలి. ఆ లెక్కలతోనే 1900లో బోస్టన్ సింఫనీ హాలు కట్టారు. ఇప్పటికీ మంచి హాళ్ల పేర్లు చెప్పమంటే దాని పేరు చెబుతారు. ఇదంతా ఎందుకంటే, మోత లెక్క తెలిసి నూట ఇరవై ఏళ్లు దాటింది. ఉపన్యాసానికి సెకను అటూఇటూ సరిపోతుంది, పెద్ద ఆర్కెస్ట్రాకు రెండు సెకన్ల దాకా కావాలి. మన కచేరీ ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. అన్నీ ఒకే హాల్లో చేసుకునేవాళ్లం కాబట్టి మనమే ఇంకా జాగ్రత్తగా కట్టుకోవాలి.

మనకు తెలియని విద్య కూడా కాదిది. 1961లో రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతికి చాలా రాష్ట్రాల్లో ఆయన పేరిట కళామందిరాలు వచ్చాయి. చండీగఢ్‌లో ఠాగూర్ థియేటర్, బెంగళూరులో రవీంద్ర కళాక్షేత్రం, హైదరాబాద్‌లో మన రవీంద్రభారతి. దీనికి ప్లాన్ గీసింది మహమ్మద్ ఫయాజుద్దీన్. ప్రారంభించింది అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. బెంగాలీ కవి పేరు మనకెందుకని మా మేనమామ సణిగేవాడు. మా నాన్న ఒకటే మాట అనేవారు: "మదనపల్లె వెళ్లి అడుగు." 1919లో ఠాగూర్ అక్కడి కాలేజీలో ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లిష్‌లోకి మార్చారు. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం రాసిపెట్టారు.

1986లో ఒక కూచిపూడి బృందంతో నేను మొదటిసారి రవీంద్రభారతి వేదిక ఎక్కాను. తెర లేవకముందు పక్కకు నక్కి, తెర సందులోంచి జనాన్ని చూసి, నోరు ఎండిపోయి, తాళాలు వేస్తూ నాట్యం నడిపించే నట్టువాంగం మాస్టారి మరచెంబులో నీళ్లు తాగేశాను. ఆట అయ్యాక బాల్కనీలో కూర్చున్న మా అన్నయ్య చెప్పిన మొదటి మాట: "గజ్జెలు వేరేగా, నీ మృదంగం వేరేగా వినిపించాయిరా." ఇంతకన్నా మంచి మెచ్చుకోలు నాకు ఎవరూ ఇవ్వలేదు. అందులో సగం నాది, సగం ఆ హాలుది. ఒకరోజు సురభి వాళ్ల పరదాలు, మర్నాడు హరికథ, ఆ మర్నాడు పుస్తకావిష్కరణ. అలాంటి హాలు పని అదే. ఆవరణలో ఘంటసాల విగ్రహం దగ్గర నిలబడి టీ తాగుతూ సగం కచేరీల ఒప్పందాలు కుదిరేవి కూడా.

మైసూరు చౌడయ్య గారు ఏం చేశారో గుర్తు చేసుకోండి. మైకులు లేని రోజుల్లో పెద్ద సభల్లో వెనకవాళ్లకు వయొలిన్ వినపడటం లేదని నాలుగు తీగల చోట ఏడు తీగలు వేసుకున్నారు. ఇప్పుడు బెంగళూరులో ఆయన పేరిట వయొలిన్ ఆకారంలోనే ఒక హాలుంది. బయటికి ఏ ఆకారమైనా ఉండనివ్వండి, లోపల వెనక గోడ ఏం చేస్తుందన్నదే నాకు కావాలి.

కాబట్టి ప్లాన్ ఖరారయ్యేలోపు శబ్దం సంగతి తెలిసిన ఇంజనీర్‌ను ఒకర్ని పెట్టుకోండి. గ్రానైట్ మెట్లలో నాలుగు తగ్గిస్తే ఆ ఫీజు వచ్చేస్తుంది. ఏసీ గాలి జనం మీదికి తిప్పండి, వాద్యాల మీదికి కాదు. గ్రీన్‌రూమును ఆనుకుని ఆడవాళ్లకు బాత్రూమ్ ఉండాలి. ఎన్ని ఊళ్లలో మా గాయనులు పట్టుచీరల్లో హాలంతా చుట్టి వెళ్లాల్సి వచ్చిందో రాస్తే మీ పేజీ చాలదు. మైకు మనిషిని నెల జీతం మీద పెట్టండి, కచేరీ కచేరీకీ ఒక కొత్త కుర్రాడు కాదు. ఇక సన్మానాలంటారా, చేసుకోండి, కాదనను. ఆరింటి కచేరీ శాలువాల వల్ల ఎనిమిదింటికి మొదలై తొమ్మిదింటికి "త్వరగా ముగించండి" అని చీటీ రాకుండా చూస్తే చాలు.

పైకప్పు పడ్డాక, గోడలకు పలకలు అతికించకముందు, ఒక సాయంత్రం నన్ను పిలవండి. వెనక వరుసలో మీ ఇంజనీర్ నిలబడాలి. మృదంగం నేనే మోసుకొస్తాను, రవ్వ కూడా మా ఇంటిదే.

ఇట్లు,
ఒక మృదంగ కళాకారుడు