శ్రావణంలో మా వెబ్‌సైట్‌లో ఆర్డరు పెట్టినవారికి, పాత లింకులు దాచుకున్నవారికి

వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు సాయంత్రం మంగళగిరిలో మా చేనేత చీరల కొట్టుకు ఫోను వచ్చింది. "పన్నెండు రోజులైందండీ ఆర్డరు పెట్టి. రేపే పూజ. చీర ఇంకా రాలేదు" అన్నారు ఒక అమ్మగారు. ఏళ్ల తరబడి మా దగ్గరే కొంటున్నారు. ఆవిడ చెప్పిన ఆర్డరు నంబరు మా పుస్తకంలో లేదు, వెబ్‌సైట్‌లోనూ లేదు. ఆవిడే ఏదో పొరబడ్డారనుకున్నాను. ఆ మాట పైకి కూడా అనేశాను. తర్వాత ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. అందరి ముందూ మరోసారి చెబుతున్నాను: తప్పు ఆవిడది కాదు.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కనుక ఆ నెలలో వెబ్‌సైట్‌ను కొత్తగా కట్టించాం. పని ఒప్పుకున్న డెవలపర్ ముందు దాన్ని పరీక్ష కోసం వేరే చిరునామాలో కట్టారు. అందరూ చేసేదే. పని పూర్తయ్యాక మా అసలు చిరునామాకు మార్చి, ఆ పరీక్ష సైట్‌ను మూసెయ్యాలి. మార్చారు గానీ మూయలేదు. కనీసం పాస్‌వర్డ్ పెట్టలేదు. పైగా మా మొదటి పేజీలో 'నిజాం అంచు చీరలు' అని ఉన్నచోట నొక్కితే ఆ పరీక్ష సైట్‌కే వెళ్లేది. చూడటానికి అదీ మా కొట్టే. మా పేరు, మా చీరలు, కాకపోతే నిరుటి ధరలు. చీర అందాక డబ్బు ఇస్తామని చెబితే ఆర్డరు నంబరు కూడా ఇచ్చేది. అలా 11 ఆర్డర్లు ఎవరూ చూడని చోట పడి ఉండిపోయాయి.

పదకొండు మందికీ ఫోన్ చేశాం. ఏడుగురు చీర పంపమన్నారు. వారు చూసిన పాత ధరకే పంపాం. నలుగురు వద్దన్నారు, పండగ వెళ్లిపోయాక చీర ఎందుకన్నారు. వారి బాధ న్యాయమైనది. ఆ పరీక్ష సైట్ ఇప్పుడు లేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆ వారంలోనే మరో ఇద్దరు, మా కొట్టు పేరు గూగుల్‌లో వెతికితే పాత పేజీలు వస్తున్నాయని, నొక్కితే పేజీ లేదంటోందని చెప్పారు. డెవలపర్‌ను అడిగాను. "సైట్‌మ్యాప్ దానంతటదే తయారవుతుంది, అది సాంకేతిక విషయం, మీకు అర్థం కాదు" అన్నారు. ఆ చివరి మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పడుగులో ఒక్క పోగు తెగినా చేత్తో తడిమి పట్టుకునే ఇంట్లో పుట్టాను. నా కొట్టు చిట్టా నాకు అర్థం కాదా?

ఆ రాత్రే కూర్చుని తెరిచాను. సైట్‌మ్యాప్ అంటే మన సైట్‌లో ఏయే పేజీలు ఉన్నాయో వెతికే యంత్రాలకు చెప్పే చిరునామాల జాబితా, అంతే. కొత్త విద్య కూడా కాదు. 2005లో గూగుల్ మొదలుపెట్టింది, 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ చేరాయి. ఒక్కో ఫైలులో 50,000 చిరునామాల దాకా రాయవచ్చు. మా కొట్టుకు అందులో వందో వంతు కూడా అక్కర్లేదు.

మా ఫైలులో ఉన్నవన్నీ పరీక్ష సైట్ చిరునామాలే! మా పేజీ ఒక్కటి లేదు. ఒక సైట్ తన జాబితాలో ఇంకో సైట్ పేజీలు రాస్తే, రెండూ ఒకరివేనని రుజువు లేనంతవరకు గూగుల్ వాటిని పక్కన పెడుతుంది. సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనంలో ఈ తప్పు ఎర్రగా కనబడుతూనే ఉంది. ఆరు వారాలుగా ఎవరూ అది తెరవలేదు. నేనూ తెరవలేదు.

తేదీల సంగతి నన్ను ఇంకా బాధపెట్టింది. ప్రతి పేజీ పక్కన అది చివరిసారి ఎప్పుడు మారిందో రాస్తారు. మాది రోజూ అర్ధరాత్రి అన్ని పేజీలకూ ఆ రోజు తేదీ వేసుకుంటోంది. ఆ తేదీలు నిజమైనవని తేలితేనే గూగుల్ వాటిని నమ్ముతుంది. మగ్గం దిగిన రోజు ఏదో అదే చీర చీటీ మీద రాయాలని నాన్నగారు పట్టుబట్టేవారు. ఆయన పెట్టిన కొట్టు పేరు మీద రోజూ ఇన్ని వందల అబద్ధపు తేదీలు బయటికి వెళ్లాయంటే ఎలా ఓర్చుకోను?

అసలు నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఇవేవీ కావు. అమ్ముడుపోయిన చీరల పేజీలు.

2016 నుంచి ఈ సైట్ ద్వారా అమ్ముడైనవి 640 రకాలు. ఒక్కోదానికి ఒక పేజీ ఉంది. కొన్నింటిలో నూలు ఎన్నో నంబరు, అంచు ఎన్ని అంగుళాలు, కొంగు ఎలా నేశారు అన్నీ రాశాను. కొన్నింటిలో ఫొటో, ధర తప్ప ఏమీ లేవు. ఇవి కాక ప్రస్తుతం అమ్మకానికి ఉన్నవి 84. ఆ 84 ఉంచి, మిగిలినవన్నీ తీసెయ్యమని డెవలపర్ సలహా. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. లేని చీర కోసం వచ్చి నిరాశపడి వెళ్లే మనిషికి మనం చేసే మేలు ఏముంది? 'అమ్ముడుపోయింది' అన్న ఒక్క మాట తప్ప ఏమీ లేని పేజీని గూగుల్ కూడా లేని పేజీగానే చూడవచ్చు.

కానీ రెండేళ్ల క్రితం హైదరాబాద్ నుంచి ఒకావిడ, తన అమ్మగారి చీర అంచులాంటిదే కూతురి పెళ్లికి కావాలని అడిగారు. ఎక్కడా దొరకలేదట. అమ్ముడైపోయిన మా చీర పేజీలో ఆ అంచు చూసి గుర్తుపట్టారు. ఆ కొలతలు పేజీలో ఉన్నందువల్లే గుంట మగ్గం మీద మళ్లీ నేయించగలిగాం. ఆ చీర మొదట నేసిన పెద్దాయన ఇప్పుడు మగ్గం మానేశారు. ఆ పేజీ తీసేస్తే ఆ నేత ఎక్కడ ఉంటుంది? మా ఇంట్లో కాగితం మీద కూడా లేదు. మూడు రాత్రులు ఇదే ఆలోచన. తీసేద్దామని ఒకసారి, అన్నీ ఉంచేద్దామని ఒకసారి. ఇంట్లోవాళ్లు విసుక్కున్నారు కూడా.

చివరికి 640 పేజీలూ నేనే చదివాను. మళ్లీ నేయించడానికి సరిపడా వివరాలు ఉన్నవి 231. అవి సైట్‌మ్యాప్‌లో ఉంటాయి, ప్రతి పేజీలో 'మళ్లీ నేయించగలం' అని, పట్టే సమయం రాశాను. ఒకే నమూనాలో రంగులు మాత్రమే మారినవి 352. వాటిని 19 నమూనా పేజీల్లో కలిపాను, పాత లింకు నొక్కితే ఆ నమూనా దగ్గరికే వెళుతుంది. మిగిలిన 57కి రంగూ దొరకదు, కొలతా లేదు. వాటిని తీసేశాను. తీసేసినప్పుడు దిగులు వేసిందని దాచను.

అలా 84, 231, 19, మొదటి పేజీతో కలిపి సమాచార పేజీలు మరో ఆరు. మొత్తం 340. అయిదు వందల లోపు పేజీలున్న సైట్‌కు, అన్నింటికీ లోపలి నుంచి దారి ఉంటే, సైట్‌మ్యాప్ లేకపోయినా ఫరవాలేదని గూగులే అంటోంది. మాకు ఆ దారే లేదు. పాత చీరలు ఏ మెనూలోనూ కనబడవు. అందుకే 'పాత నేత' అని ఒక పేజీ పెట్టి ఆ 231కీ అక్కడి నుంచి లింకు ఇచ్చాను, సైట్‌మ్యాప్‌నూ ఉంచాను. ఇచ్చినంత మాత్రాన గూగుల్ అన్నీ చూపిస్తుందన్న హామీ లేదు, నెమ్మదిగా వస్తున్నాయి.

చిరునామాల్లోని తెలుగు అక్షరాలు తీసేసి అంకెలు పెట్టుకోమని కూడా డెవలపర్ చెప్పారు. సైట్‌మ్యాప్‌లో తెలుగు అక్షరాన్ని నేరుగా రాయకూడదు, శాతం గుర్తులతో సంకేతాలుగా మార్చి రాయాలి. 'మంగళగిరి' అన్న ఒక్క మాట 72 గుర్తులవుతుంది. అయినా మార్చలేదు. మార్చను. యంత్రానికి 72 గుర్తులు బరువు కాదు, మా ఊరి పేరు మా అక్షరాల్లోనే ఉంటుంది.

ఇకపై ఈ జాబితా నా చేతిలోనే ఉంటుంది. ఆ డెవలపర్‌కు ఇవ్వవలసిన డబ్బు పూర్తిగా ఇచ్చేశాం, పని మాత్రం మళ్లీ ఇవ్వం. ప్రతి సోమవారం కొట్టు తెరిచే ముందు సెర్చ్ కన్సోల్ చూస్తున్నాను. పేజీ నిజంగా మారిన రోజే తేదీ మారుతుంది.

దసరాకు నిజాం అంచులో కొత్త సరుకు మగ్గాల మీద ఉంది. ఆర్డరు పెట్టిన రోజే కొట్టు నుంచి మీకు ఫోన్ వస్తుంది. మర్నాటికీ రాకపోతే దయచేసి మీరే చెయ్యండి. వాట్సాప్‌లో మా పాత లింకులు దాచుకున్నవారు ఒకసారి తెరిచి చూడండి. పేజీ రాకపోతే ఆ లింకునే మాకు పంపండి, అది ఏ చీరదో వెతికి చెబుతాను.