డ్రమ్మర్ల మీద జాలి ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో రాక్ బ్యాండ్ల పాత డ్రమ్మర్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. వేదిక దిగినవాళ్లందరినీ ఒకే గాటన కట్టి, అందరి మీదా జాలి కురిపించారు. నేను అనంతపురంలో పెళ్లిళ్లకు, వినాయక మండపాలకు, లలిత కళా పరిషత్తులో కార్యక్రమాలకు ఆర్కెస్ట్రాతో జాజ్ డ్రమ్స్ వాయించినవాణ్ణి. ఇప్పుడు ఆటోలకు, మోటారు సైకిళ్లకు రెక్సిన్ సీట్లు కుడతాను. ఆ జాలి నాకు అక్కర్లేదు.

అమెరికా రాక్ బ్యాండు ఆర్.ఈ.ఎం. డ్రమ్మర్ బిల్ బెర్రీ గురించి మీరు రెండు వాక్యాలతో సరిపెట్టారు. ఆయన 1995 మార్చిలో స్విట్జర్లాండులోని లొసాన్‌లో కచేరీ మధ్యలో మెదడు రక్తనాళం దెబ్బతిని కుప్పకూలాడు. కోలుకుని మళ్లీ వాయించాడు. 1997లో తనంతట తాను తప్పుకుని, జార్జియా రాష్ట్రంలో సొంత పొలంలో పశుగ్రాసం పండించుకున్నాడు. 'అంతటి కళాకారుడు చివరికి గడ్డి కోసుకుంటున్నాడు' అని మీ రచయిత వాపోయారు. వేరుశనగ కాయ చేతికి రాని ఏడు పశువుల మేతకు ఎండు కట్టె (కాయ కోసిన తీగ) కోసం ఊరూరా తిరిగిన మా జిల్లా రైతును అడిగితే, గడ్డి పండించడం చిన్న పనేమీ కాదని చెబుతాడు.

అసలు అడగాల్సింది, ఆయన అంత నిబ్బరంగా ఎలా దిగిపోగలిగాడని. ఆ బ్యాండులో పాట ఎవరి బుర్రలో పుట్టినా రచయితలుగా నలుగురి పేర్లూ వేసుకునేవారు, అందుకే రాబడిలో డ్రమ్మర్‌కూ వాటా దక్కేది. మామూలుగా పాట హక్కు రాసినవారికీ బాణీ కట్టినవారికీ పోతుంది, దరువు వేసినవాడి లెక్క వేరే. బీటిల్స్ బ్యాండు పాత డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ను చూడండి. 1962 ఆగస్టులో ఆయన్ను ఆ బ్యాండు నుంచి తీసేశారు. తర్వాత ఆయన ఇరవై ఏళ్లపాటు లివర్‌పూల్‌లో ఉపాధి కల్పన కార్యాలయంలో ఉద్యోగం చేశాడు. పోయిన కొలువు గురించి కుమిలిపోతూ కూర్చోకుండా ఊళ్లోవాళ్లకు కొలువులు వెతికిపెట్టాడన్నమాట! ఆయన వాయించిన పాత రికార్డింగులు 1995లో మళ్లీ బయటికి వచ్చాకే చెప్పుకోదగ్గ డబ్బు చేతికందింది.

మా సంగతికొస్తే, వేరేవాళ్ల పాటలు వాయించేవాళ్లం. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి ప్రదర్శన కళాకారులకూ రాయల్టీ హక్కు ఇచ్చారు. మండపంలో వాయించింది ఎవరూ రికార్డు చేసి అమ్మరు కాబట్టి దానితో మాకు ఒరిగిందేమీ లేదు. ఆ రాత్రి కూలి ఆ రాత్రికే, అదీ నిర్వాహకుడు ఇస్తే. తర్వాత కరెంటుతో పనిచేసే రిథమ్ ప్యాడ్ వచ్చింది. డ్రమ్స్, తబలా, డోలక్ అన్నీ ఒకే మనిషి ముందున్న పలకలోకి చేరాయి. నా డ్రమ్ సెట్టుకు సగం వ్యాను కావాలి, ప్యాడ్ చంకలో పెట్టుకుని పోవచ్చు. మా నిర్వాహకుణ్ణి తప్పుపట్టను. వ్యాను బాడుగ కట్టేది నేనైతే నేనూ అదే చేసేవాణ్ణి.

పని మారినా చేతి పనితనం మారలేదు. స్నేర్ డ్రమ్ (సెట్టులో మోకాళ్ల మధ్య ఉండే చిన్న డ్రమ్) తోలు బిగించేటప్పుడు మరలను వరసగా తిప్పకూడదు. ఒకటి తిప్పాక దానికి ఎదురుగా ఉన్నది తిప్పాలి, లేకపోతే తోలు ఒక పక్కకు లాగేస్తుంది. రెక్సిన్ కూడా అంతే. ముందు ఎదురెదురు అంచులు లాగి కొడితేనే సీటు ముడత పడదు. కుర్రవాళ్లకు ఇది నేర్పడానికి వారాలు పడుతుంది, నాకు మొదటి రోజే వచ్చేసింది.

పోయిందల్లా ఎడమ చెవే. హై-హ్యాట్, అంటే కాలితో తొక్కి మోగించే తాళాల జత, ఆ పక్కనే ఉండేది, దానికి తోడు తలకు ఆనుకునేలా ఒక స్పీకరు పెట్టేవారు. ఇప్పుడు ఆ చెవిలో ఎప్పుడూ కీచుమని ఒకటే రొద. కుట్టుమిషను నడుస్తున్నంతసేపు తెలియదు. అందుకే ఆదివారాలు కూడా దుకాణం తీస్తాను. డాక్టరుగారు చెప్పిన లెక్క ఇది: 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. అంటే 100 దగ్గర పావుగంటే. మేము భోజనాలప్పుడు మొదలుపెడితే అర్ధరాత్రి దాకా వాయించేవాళ్లం.

వినాయక చవితి కమిటీలవారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం: డ్రమ్మర్ తల పక్కన స్పీకరు పెట్టకండి, చెవిలో పెట్టుకునే స్పాంజి బిరడాలు మందుల దుకాణాల్లో దొరుకుతాయి, ఒక జత కొనివ్వండి, డబ్బు రేపు మాపు అనకుండా వ్యాను ఎక్కేలోపే చేతిలో పెట్టండి. మీ రచయితగారు ఈసారి ఏ పాత డ్రమ్మర్‌నైనా కలిస్తే, చప్పట్లు గుర్తొస్తున్నాయా అని కాకుండా, పాటలో నీకు వాటా ఎంత ఇచ్చారు, చెవులు ఎలా ఉన్నాయి అని అడగమనండి.

- ఒకప్పటి ఆర్కెస్ట్రా డ్రమ్మర్, అనంతపురం